నెలకు 38 వేల ఉద్యోగం మానేసి పాపతో ఇంట్లో ఉంటే నిజంగా పోయేది ఎంత?

భీమారం తల్లి (హన్మకొండ):
మడికొండ ఐటీ పార్కులోని ఒక సంస్థలో బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. సర్వీసు 4 సంవత్సరాల 5 నెలలు. అంతకు ముందు హైదరాబాద్‌లో రెండేళ్లు చేశాను. చేతికి 38,000 వస్తుంది, అందులో మూల వేతనం 18,000. పాపకు పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లూ మా అత్తమ్మ చూసుకున్నారు కానీ, మోకాలి ఆపరేషన్ తర్వాత పాప వెంట తిరగడం ఆమె వల్ల కావడం లేదు. ఆయమ్మకు 8,000, రాకపోకలకు 2,600, ఆఫీసు కారణంగా అయ్యే చిల్లర ఖర్చులు 1,900 తీసేస్తే నాకు మిగిలేది 25,500. మా ఆయనకు చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. ఎండాకాలంలో ఫ్యాన్లు, కూలర్ల గిరాకీతో 45 వేల దాకా వస్తుంది, వానాకాలంలో 30 వేలు రావడమే ఎక్కువ. ఇద్దరి పేరిట తీసుకున్న ఇంటి రుణానికి నెల కిస్తీ 17,400. పాప బడికి వెళ్లేదాకా, అంటే దాదాపు రెండేళ్లు, మానేద్దామని అనుకుంటున్నాను. నా లెక్కలో ఏమి తప్పిపోయిందో చెప్పగలరు.

కాజీపేట విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, మీ లెక్కలో చేతికి వచ్చే డబ్బు మాత్రమే ఉంది. మీ మూల వేతనంలో 12 శాతం, అంటే 2,160, మీ వాటాగా పీఎఫ్‌కు పోతుంది. సంస్థ కూడా అంతే జమ చేస్తుంది, అందులో 1,250 పింఛను పథకానికి వెళ్తుంది. ఇవి రెండూ కలిపి 4,320. గ్రాట్యుటీ, అంటే ఎక్కువకాలం పనిచేసి మానేసినప్పుడు సంస్థ ఒకేసారి ఇచ్చే మొత్తం, నెలకు సుమారు 865 చొప్పున పోగవుతూ ఉంటుంది. అంటే మీరు 25,500 అనుకుంటున్నది 30,600 దాటుతుంది, రెండేళ్లకు 7 లక్షల 30 వేల పైమాటే. మీ జీతంపై ఆదాయపు పన్ను లేదు కనుక, మానేస్తే పన్ను మిగులుతుందన్న ఊరట కూడా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. మూల వేతనాన్ని 26తో భాగించి, 15తో, ఆపైన సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేస్తే మీకు కనీసం 51,900 వస్తుంది. ఇప్పుడే రాజీనామా ఇస్తే ఆ మొత్తం చేజారుతుంది, ఇంకో ఏడు నెలలు ఆగితే చేతికి వస్తుంది. మీరు తీసుకున్న 26 వారాల ప్రసూతి సెలవు సర్వీసులోనే లెక్క, దాని గురించి బెంగ వద్దు.

మానేసిన తర్వాత పీఎఫ్ తీసి కిస్తీలకు కట్టకండి. హైదరాబాద్ ఖాతాను ఇప్పటి ఖాతాలోకి బదిలీ చేయించుకున్నారా? చేయించుకుంటే ఆ రెండేళ్లూ కలిసి సర్వీసు ఐదేళ్లు దాటుతుంది, ఎప్పుడైనా తీయవలసి వచ్చినా పన్ను పడదు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఆ డబ్బు వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (పింఛను సర్వీసును నమోదు చేసే పత్రం) తీసుకుంటే, మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది.

ఇంకొక ప్రశ్న: మీ కుటుంబానికి ఆరోగ్య బీమా ఎవరి వైపు నుంచి ఉంది?

భీమారం తల్లి:
నా సంస్థ వైపు నుంచే, సర్. 5 లక్షల పాలసీ. షుగర్ ఉన్న అత్తమ్మ కూడా అందులోనే ఉన్నారు.

కాజీపేట విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అయితే అసలు చిక్కు అక్కడే ఉంది. దుకాణదారుకు సంస్థ ఇచ్చే బీమా ఏదీ ఉండదు, రాజీనామాతో మీ నలుగురి రక్షణా ఒకేసారి పోతుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం (ఆ జబ్బులకు బీమా డబ్బు ఇవ్వని కాలం) పెట్టవచ్చు, షుగర్ ఉన్నవారికి అది చాలా కష్టం. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారమని ఇప్పుడే దరఖాస్తు అడగండి. గ్రూపులో గడిపిన కాలం నిరీక్షణలో తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేకపోవడం కొంత మేలే. ఆ ప్రీమియంను కూడా మీ ఇంటి ఖర్చులో చేర్చి మళ్లీ లెక్క వేయండి.

జనగామ లెక్చరర్:
నేను 2016లో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో 24 వేల జీతం వదులుకుని, 2021లో మరో చోట 18 వేలకు చేరాను. నా అనుభవంలో పోయింది ఆ ఐదేళ్ల జీతంతో ఆగలేదు, ఆ మెట్టు తిరిగి ఎక్కడానికి పట్టిన కాలం కూడా పోయింది. అందువల్ల రెండేళ్లని మీరు అనుకుంటున్నది నాలుగేళ్లయితే ఏమిటన్నది ముందే ఆలోచించుకోండి. మానేసిన తర్వాత బతుకమ్మ పండుగకు చీర కొనుక్కోవడానికి కూడా మా ఆయనను అడగవలసి వచ్చేది. ఆయన ఎన్నడూ కాదనలేదు, అయినా అడగడమే నాకు కష్టంగా ఉండేది. నెలనెలా కొంత మొత్తం మీ పేరిట వేయించుకోండి. భర్త ఇచ్చిన డబ్బుతో మీ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే పన్ను లెక్కలో ఆ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు ఖాతాలో) వేస్తే వడ్డీకి పన్నే ఉండదు, ఏడాదికి లక్షన్నర వరకు వేయవచ్చు.

ఇంటి పట్టున ఉండే తండ్రి (హన్మకొండ):
నా భార్య ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సు, జిరాక్స్ దుకాణం మూసేసి బాబును చూసుకున్నది నేను. మీ ప్రశ్నలో నాకు అర్థం కాని విషయం ఒకటుంది: మానవలసింది 30 వేల విలువైన జీతమేనా, మీ ఆయన దుకాణంలో కొన్ని గంటలు మానితే సరిపోదా? ఆ గంటలు దుకాణం చూసే పనివాడికి మా గల్లీలో నెలకు పది, పన్నెండు వేలకు మించి ఇవ్వరు. ఇంకో మాట, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017 సవరణ నుంచీ చట్టంలో ఉంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీరు అడిగారా?

భీమారం తల్లి:
అడగలేదు, అలాంటి నిబంధన ఉందనే తెలియదు. మా శాఖలోనే నూట యాభై మందిమి ఉన్నాము, నిన్ననే హెచ్ఆర్‌కు లిఖితపూర్వకంగా రాశాను. హైదరాబాద్ పీఎఫ్ ఖాతా ఇంకా విడిగానే ఉందని తేలింది, బదిలీకి దరఖాస్తు పెట్టాను. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా గిరాకీ ఎలాగూ తక్కువేనని, ఆ వేళకు తాను ఇంటికి వస్తానని మా ఆయన ఒప్పుకున్నారు. ఆయమ్మను ఏడు నెలలు కొనసాగిస్తాము. అత్తమ్మకు వ్యక్తిగత పాలసీ ప్రీమియం ఎంతో చెప్పమని బీమా కంపెనీకి రాశాను, జవాబు రాగానే ఇక్కడ పెడతాను.