ఫారెక్స్ కార్డులో డబ్బు నింపుకుని వెళ్తే నిజంగా మిగులుతుందా?

కిటికీసీటు అడిగారు:

వచ్చే నెల మేమిద్దరం యూరప్ వెళ్తున్నాం. ముందు ఫ్రాన్స్, తర్వాత స్విట్జర్లాండ్, చివర్లో ప్రాగ్. మామూలు బ్యాంకు కార్డు గీకితే ప్రతిసారీ ఫీజు పడుతుందని, ముందే డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే బాగా మిగులుతుందని తెలిసినవాళ్లంతా చెప్తున్నారు. తీరా కార్డు వివరాలు చూస్తే పైన ‘జీరో మార్కప్’ అని పెద్ద అక్షరాలు, కింద మాత్రం బారెడు చార్జీల పట్టిక. ట్రిప్ ఖర్చంతా ఇందులోనే వేసేయాలా? హోటల్‌కి, అద్దె కారుకి కూడా ఇదే ఇవ్వొచ్చా? వాడినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

దారిబత్తెం:

జీరో మార్కప్ (అంటే రేటు మీద అదనంగా ఏమీ వేయకపోవడం) అనేది అబద్ధం కాదండి, కానీ అది కార్డు గీకేటప్పటి సంగతి. వాళ్ల లాభం మీరు డబ్బు నింపేటప్పుడే రేటులో కలిసిపోయి ఉంటుంది. అందుకే ముందు చూడాల్సింది, లోడ్ చేసేటప్పుడు వాళ్లిచ్చే రేటుకీ అదే సమయానికి మార్కెట్లో నడుస్తున్న రేటుకీ (గూగుల్‌లో కొడితే వచ్చేది దాదాపు అదే) తేడా ఎంత అని. మార్కెట్లో యూరో 100 ఉందనుకోండి, వాళ్లు 102కి ఇస్తే ఇంకా ఇల్లు కదలకముందే 2 శాతం పోయినట్టే. దాని మీద కార్డు ఇచ్చినందుకు ఫీజు, మళ్లీ నింపినప్పుడల్లా ఫీజు ఉంటే అవీ కలపాలి.

ఇప్పుడు ఇదే లెక్క మీ మామూలు కార్డుకి వేయండి. విదేశీ లావాదేవీ ఫీజు చాలా కార్డులకి 2 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటి సైట్లలోనూ కరెన్సీ కాలిక్యులేటర్ ఉంది, అందులో మీ బ్యాంకు ఫీజు శాతం వేస్తే 100 యూరోల బిల్లుకి మీ ఖాతాలోంచి ఎంత పోతుందో చూపిస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. ఫీజు లేని కార్డు మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఫారెక్స్ కార్డుతో మిగిలేది ఏమీ ఉండదు, 3.5 శాతం కార్డయితే మాత్రం మంచి రేటున్న ఫారెక్స్ కార్డు తప్పకుండా తీసుకోండి.

మీ ట్రిప్‌లో ఇంకో చిక్కుంది. మూడు చోట్లా మూడు కరెన్సీలు: ఫ్రాన్స్‌లో యూరో, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంక్, ప్రాగ్‌లో కొరునా. ప్రాగ్ ఉన్న చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కదా, యూరోలు సరిపోతాయిలే అనుకుంటారు చాలామంది. యూరోలు మాత్రమే ఉన్న కార్డుని ప్రాగ్‌లో గీకితే యూరోల్ని కొరునాల్లోకి మార్చి, పైన క్రాస్ కరెన్సీ ఫీజు వేస్తారు. మీ డబ్బు యూరోలు కావడానికి ఒకసారి, అవి కొరునాలు కావడానికి ఇంకోసారి, రెండుచోట్లా కోతే. కాబట్టి కార్డులో ఫ్రాంక్, కొరునా రెండూ నింపుకోవచ్చా అని కొనకముందే అడగండి. కొరునా లేదంటే ప్రాగ్‌లో మామూలు కార్డే చౌక పడొచ్చు.

రైలుపట్టాలు:

రేటు గురించి పైన బాగా చెప్పారు. అక్కడికి వెళ్లాక డబ్బు పోయే చోటు ఇంకొకటుంది. షాపులో బిల్లు కట్టేటప్పుడు మెషీన్ స్క్రీన్ మీద రెండు మొత్తాలు వస్తాయి, ఒకటి యూరోల్లో, ఇంకొకటి మీ దేశం డబ్బులో. మనకి తెలిసిన కరెన్సీ కదా అని రెండోది నొక్కాలనిపిస్తుంది. నొక్కకండి. ఆ మార్పిడి రేటు పెట్టేది షాపు తరఫు వాళ్లు, మీ బ్యాంకు కాదు, అందులో వాళ్ల వాటా గట్టిగానే ఉంటుంది.

ఫారెక్స్ కార్డుకి ఇది ఇంకా నష్టం. కార్డులో యూరోలు ఉన్నాయన్న సంగతి ఆ మెషీన్‌కి తెలియదు, కార్డు ఏ దేశంలో ఇచ్చారో చూసి ఆ దేశం కరెన్సీ చూపిస్తుంది. అది ఒప్పుకుంటే యూరో బిల్లు మీ దేశం డబ్బులోకి మారి, అది కట్టడానికి కార్డులోని యూరోలు మళ్లీ మారతాయి. యూరోలు చేతిలో పెట్టుకుని యూరో బిల్లుకి రెండు మార్పిళ్ల ఖర్చు కట్టడమన్నమాట! ఏటీఎంలోనూ ఇంతే, ‘మార్పిడి లేకుండా కొనసాగించు’ అన్న బటన్ వెతికి నొక్కండి. కొన్నిచోట్ల కౌంటర్లో ఉన్నవాళ్లు మిమ్మల్ని అడక్కుండానే నొక్కేస్తారు, అందుకని పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద ఏ కరెన్సీ ఉందో చూసి, తేడాగా ఉంటే రద్దు చేసి మళ్లీ చేయమనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

వేపచెట్టు:

హోటల్ డిపాజిట్‌కి, అద్దె కారుకి ఫారెక్స్ కార్డు ఇవ్వొద్దండి. చెక్-ఇన్ అప్పుడు హోటల్ వాళ్లు కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డయితే లిమిట్‌లో కొంత ఆగుతుంది, అంతే. ప్రీపెయిడ్‌లో ఆగేది మీరు నింపుకున్న అసలు డబ్బు. నాకు ఒక హోటల్‌లో ఇలాగే జరిగింది, గది ఖాళీ చేసి వేరే ఊరు వెళ్లిపోయినా ఆ డబ్బు విడుదల కాలేదు, హోటల్ వాళ్లు బ్యాంకుని అడగమంటారు, బ్యాంకు వాళ్లు హోటల్‌ని అడగమంటారు, ట్రిప్ మధ్యలో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కార్లు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది డిపాజిట్‌కి ప్రీపెయిడ్ తీసుకోనే తీసుకోరు, డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలంటారు. మనిషి లేని పెట్రోల్ బంకుల్లోనూ ముందు పెద్ద మొత్తమే ఆపుతారు.

కిటికీసీటు:

అందరికీ థ్యాంక్స్, హోటల్ సంగతి అసలు ఊహించలేదు. ఇంకో రెండు అడుగుతాను. రేటు పెరిగేలోపు ఇప్పుడే మొత్తం నింపేస్తే మంచిదా? తిరిగొచ్చాక మిగిలిన యూరోల సంగతేంటి?

దారిబత్తెం:

ఇప్పుడు నింపితే రేటు ఖాయం అవుతుంది, లాభం ఖాయం కాదు. తర్వాత యూరో పెరగొచ్చు, తగ్గొచ్చు, ఎవరం చెప్పలేం. బడ్జెట్ ఇంత అని ముందే తెలియడం మీకు ముఖ్యమైతే సగం ఇప్పుడు వేసి, మిగతాది వెళ్లే ముందు వేయండి. శని, ఆదివారాల్లో ఫారెక్స్ మార్కెట్ మూసి ఉంటుంది, కొన్ని కార్డులు ఆ రెండు రోజులూ రేటులో అదనంగా కలుపుతాయి, పని రోజుల్లో నింపితే ఆ గొడవ ఉండదు. విమానాశ్రయం కౌంటర్లో మాత్రం నింపొద్దు, అక్కడ మామూలుగా రేటు బాగోదు.

మిగిలిన డబ్బు వెనక్కి తీసుకుంటే కొనుగోలు రేటు (వాళ్లు మీ దగ్గర యూరోలు కొనే రేటు) వేస్తారు, అది అదే రోజు వాళ్లు అమ్మే రేటు కంటే తక్కువే. వదిలేస్తే కొన్ని కార్డులకి వాడనందుకు నెలనెలా ఫీజు పడుతుంది. అందుకని కచ్చితంగా పెట్టే ఖర్చుకి సరిపడా మాత్రమే నింపండి, అక్కడ తక్కువైతే యాప్‌లో కొంచెం కొంచెం వేసుకోవచ్చు. రీలోడ్‌కి ఓటీపీ మీ నంబరుకే వస్తుంది, రోమింగ్‌లో మెసేజ్‌లు అందుతాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. ఏటీఎంలో మీ కార్డు ఫీజుతో పాటు ఆ మెషీన్ వాళ్ల ఫీజూ ఉండొచ్చు, అదీ సాధారణంగా ఒక్కసారి తీసినందుకు ఇంత అని, కాబట్టి చిల్లరగా పది సార్లు తీయకుండా అవసరమైనంత ఒకేసారి తీసుకోండి. క్రెడిట్ కార్డుతో క్యాష్ తీయొద్దు, దానికి సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మీరు ఇద్దరు కాబట్టి ఫారెక్స్ కార్డు ఒకరి దగ్గర, క్రెడిట్ కార్డు ఇంకొకరి దగ్గర ఉంచుకోండి, కొంచెం క్యాష్ విడిగా సంచిలో. మీరు చూస్తున్న కార్డు చార్జీల పట్టిక ఇక్కడ పెడితే ఏ లైను ఎంత పడుతుందో కలిసి లెక్క వేద్దాం.