ఒకే ఇంట్లో మూడు నడుము నొప్పులు: మూడూ ఒకటేనా?

ప్రశ్న (ఎర్రగుంట్ల, కడప జిల్లా):
నేను నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో 15 ఏళ్లుగా బండలు ఎత్తుతున్నాను. నెల కిందట వంగి బండను లేపుతుండగా నడుము కలుక్కుమంది. అప్పటి నుంచి కుడి పిరుదు మొదలుకొని పిక్క మీదుగా చిటికెన వేలి దాకా నొప్పి లాగుతోంది, దగ్గినా తుమ్మినా ప్రాణం విలవిల్లాడుతోంది. మా నాన్నగారికి 68 ఏళ్లు. సంత దాకా నడిచేలోపే ఆయనకు రెండు కాళ్లూ బరువెక్కుతాయి, కాసేపు కూర్చుంటే గాని కదలలేరు. 24 ఏళ్ల తమ్ముడికి తెల్లవారి లేవగానే నడుము కొయ్యబారి ఉంటుంది. ఇంట్లో అన్నింటినీ వాతమే అంటూ ఒకే తైలం రాస్తున్నారు.

సమాధానం (ఫిజియోథెరపిస్టు, కడప):
మూడూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి. నొప్పి ఎక్కడుందని కాక, ఏం చేస్తే తగ్గుతోందని చూడండి. మీది సయాటికాను పోలి ఉంది: వెన్నుపూసల మధ్య డిస్కు జరిగి నరాన్ని నొక్కుతుంది, కూర్చున్నా వంగినా పెరుగుతుంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది కాబట్టి, బరువులు మానండి గాని మంచం పట్టవద్దు. నాన్నగారిది ఇందుకు తలకిందులు. వయసుతో వెన్ను కాలువ (వెన్నుపూసల లోపల నరాలు సాగే దారి) ఇరుకైనవారికి నిటారుగా నడిస్తే నరాలు ఒత్తుకుంటాయి, ముందుకు వంగితే కాస్త చోటు దొరుకుతుంది; అందుకే నడవలేనివారు కూడా సైకిలు తొక్కగలుగుతారు. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయినా నడకలో ఇలాగే పట్టేస్తుంది, అయితే అది ఊరికే నిలబడినా తగ్గుతుంది. పాదాల వద్ద నాడి కూడా పరీక్షింపజేయండి.

సమాధానం (అనంతపురం):
తమ్ముడి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. నాకూ 22వ ఏట ఇలాగే మొదలైతే, వేరుశెనగ పెరికే పని వల్లనే అనుకున్నాము. బిగుతు అరగంటకు పైగా ఉండి, పనిలో పడితే సడలి, విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంటే రుమటాలజిస్టుకు (కీళ్లవాపు జబ్బుల డాక్టరుకు) చూపించాలి. నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని తేలడానికి ఆరేళ్లు పట్టింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడనే లేదు. ఈ జబ్బులో కంటి లోపల కూడా వాపు రావచ్చు; అతని కన్ను ఎప్పుడైనా ఎర్రబడి నొప్పి పెట్టిందా?

సమాధానం (ఫిజియోథెరపిస్టు, కడప):
ఒకటి మరిచాను. మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా, పాదం పైకి లేవకపోయినా మరునాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్ను క్షయను అనుమానించాలి.

ఎర్రగుంట్ల:
నాన్నగారిని అడిగాను. సైకిలు మీద సంతకు పోయిన రోజు దారిలో ఎక్కడా దిగలేదట. తమ్ముడి కన్ను పోయిన ఏడాది రెండుసార్లు ఎర్రబడింది, కండ్లకలక అనుకొని చుక్కలు వేశాము.