స్వపరిపాలన దినం: అటెండర్ వేషం ఎవరికివ్వాలి?

గణితం మేడం:

నమస్కారం. ఖమ్మం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో గణితం చెబుతాను. 2024 డీఎస్సీలో వచ్చిన ఉద్యోగం, ఇంకా కొత్త పోలేదు. పదో తరగతి పిల్లలే టీచర్ల వేషాలేసి ఒక రోజు బడి నడిపే స్వపరిపాలన దినాన్ని సెప్టెంబర్ 5న చేసే బళ్ళు చాలా ఉన్నాయి గానీ, మా దగ్గర ఫిబ్రవరిలో, పదో తరగతి వీడ్కోలుకి వారం ముందు చేస్తారు. ఈసారి ఆ బాధ్యత నా మెడకు చుట్టారు. వచ్చే శుక్రవారమే.

పదో తరగతిలో 38 మంది. పోయినేటి కాగితం ఒకటి హెచ్‌ఎం సారు నా చేతిలో పెట్టారు. కలెక్టర్, డీఈఓ, ఎంఈఓ, హెచ్‌ఎం, సబ్జెక్టు టీచర్లు, పీఈటీ, చివరి వరసలో అటెండర్. "పేర్లు మార్చి కానిచ్చెయ్యమ్మా" అన్నారు. మొదటి ర్యాంకు అమ్మాయి హెచ్‌ఎం, పొడుగ్గా ఉన్నవాడు పీఈటీ, ఇంగ్లీషు గడగడా చదివే పిల్ల ఇంగ్లీషు మేడం. ఇలా అరగంటలో నింపేశాను. అటెండర్ దగ్గరికి వచ్చేసరికి, నేను అడగకముందే క్లాసంతా ఒకే పిల్లాడి వైపు చూసింది.

మా బడిలో అటెండర్ పోస్టు ఖాళీ. ఎనిమిదో తరగతి నుంచీ గంట కొట్టేది ఆ పిల్లాడే. వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దానికో ఇనప రాడ్డు. వాన పడ్డా, వాడికి జ్వరం వచ్చినా గంట ఆలస్యమైన రోజు లేదని సార్లు మెచ్చుకుంటారు. (జ్వరమొస్తే బడికి ఎందుకొచ్చాడని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.) వాడి పేరు రాయబోతుంటే లేచి నిలబడ్డాడు. "మేడం, గంట నేను రోజూ కొడుతున్నదే గదా. ఆ ఒక్క రోజన్న పాఠం చెప్త."

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. గణితంలో వాడికి ఎస్‌ఏ1లో, అంటే అర్ధసంవత్సర పరీక్షలో, 80కి 31. "క్లాసులో నిలబడి బిక్కమొహం వేస్తే వాడికే నామోషీ" అంటున్నారు తోటి టీచర్లు. చీటీలు వేయాలా? అటెండర్ వేషమే తీసేయాలా? మీ బళ్ళలో ఎలా చేస్తున్నారు?

విజయనగరం పంతులు:

అమ్మా, 26 ఏళ్ల సర్వీసులో ఈ తంతు 20 సార్లయినా చేయించి ఉంటాను. ముందు ఆ కలెక్టర్నీ డీఈఓనీ తీసి పారేయండి. వాళ్ళకి పనుండదు. కుర్చీల్లో కూర్చుని బిస్కెట్లు తింటారు. ఒకసారి మా కలెక్టరు గారు మూడో పీరియడుకే విసిగిపోయి, వంటగదిలో గుడ్లు లెక్కపెడుతూ దొరికాడు. ఆ రోజంతటికీ జరిగిన అసలైన తనిఖీ అదొక్కటే.

15 నిమిషాల పాఠానికి మార్కులతో పని లేదు. 45 నిమిషాల పీరియడు మొత్తం ఒక్క పిల్ల ఈదలేదు, ముగ్గురికి పంచండి. ఏం చెప్పాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి. రెండు రోజుల ముందు ఖాళీ గదిలో మీ ఒక్కరి ముందు చెప్పించండి. తడబడేవాణ్ణి ఆరో తరగతికి పంపండి, తొమ్మిదికి వద్దు. తొమ్మిదోళ్ళు కావాలని ప్రశ్నలేసి ఏడిపిస్తారు. ఆరో తరగతికైతే పదో తరగతి అన్నయ్యంటే భయమూ భక్తీ. మిగతా వేషాలకి చీటీలే, హెచ్‌ఎంతో సహా. మొదటి ర్యాంకు పిల్లల నాన్నలు ఫోన్ చేస్తారు. ఎత్తకండి.

పదో తరగతి అమ్మ:

మీ టీచర్లకి ఇది ముచ్చట, మాకు ఖర్చు. మా అమ్మాయికి సోషల్ మేడం వేషం వచ్చింది. చీర నాదే కట్టుకుంటానంది, జాకెట్టు మాత్రం తన కొలతకి కుట్టించాలని ఏడుపు. కుట్టుకూలి 350. హీల్స్ పక్కింట్లో అడిగి తెచ్చాను. మార్చిలో పరీక్షలు పెట్టుకుని వారం నుంచి పుస్తకం ముట్టలేదు, అద్దం ముందే ఉంది. అటెండర్ వేషమైతే ఈ గొడవే ఉండేది కాదు కదా అనిపించింది. ఈ మాట అది చూస్తే నన్ను బతకనివ్వదు.

గణితం మేడం:

చీరల సంగతి నాకు తట్టనే లేదండీ. మా దగ్గర ఈసారి అందరూ యూనిఫాంలోనే రావాలని చెప్పేస్తాను. ఆడపిల్లలు ఓ పూట నాతో మాట్లాడరు, పర్లేదు.

పాత అటెండర్:

నేను టీచర్ని కాను. హైదరాబాద్‌లో లిఫ్టులు రిపేరు చేస్తాను. 2011లో మా పదో తరగతికి అటెండర్ని నేనే. "నీకైతే మేకప్ కూడా అక్కర్లేదురా" అన్నారు సార్. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఖాకీ చొక్కా మా బాబాయిది, భుజాలు జారిపోతుంటే అమ్మ పిన్నీసులు పెట్టింది. హెచ్‌ఎం అయినవాడు నా బెంచీవాడే. నాలుగుసార్లు టీ తెప్పించాడు. మూడోసారి కప్పు కింద సాసరు లేదని వెనక్కి పంపాడు. ఇప్పటికీ మేం స్నేహితులమే. మొన్నామధ్య ఆ సంగతి ఎత్తితే వాడికి గుర్తు కూడా లేదు.

నాకు అప్పట్లో ఒక్కటే బాగా వచ్చేది, గోదావరి. నాసిక్ దగ్గర చాక్‌పీస్ ఆనిస్తే అంతర్వేది దాకా ఎత్తకుండా గీసేవాణ్ణి. కందకుర్తి దగ్గర మంజీర, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, కూనవరం దగ్గర శబరి, అన్నీ కలిపేవాణ్ణి. ఇదంతా మా ఇంట్లో గచ్చు మీద. బడిలో బోర్డు దాకా ఎప్పుడూ పోలేదు. మీ పిల్లాడికి ఏం వచ్చో అడిగి చూడండి మేడం.

గణితం మేడం:

నిన్న అయిపోయింది. ఎలా జరిగిందో చెప్పకపోతే బాగోదు.

అడిగాను. "ఎల్సీఎం వస్తది మేడం" అన్నాడు. మా రోజుల్లో కసాగు. ఆరో తరగతి లెక్క: మూడు గంటలు 6, 8, 12 నిమిషాలకోసారి మోగుతాయి, ఇప్పుడు కలిసి మోగితే మళ్ళీ ఎప్పుడు కలిసి మోగుతాయి? పుస్తకంలో వేరే లెక్కలు బోలెడున్నా వాడు ఇదే పట్టుకున్నాడు. ఖాళీ గదిలో మొదటిసారి పాఠమంతా బోర్డుకే చెప్పాడు, మొహం నా వైపు తిప్పలేదు. నిమిషాలు పక్కనపెట్టి ముందు చప్పట్లతో చెప్పమన్నాను.

చీటీలు వేశాం. హెచ్‌ఎం చీటీ ఆఖరి బెంచీ పిల్లకి వచ్చింది, అటెండర్ చీటీ మొదటి ర్యాంకు అమ్మాయికి. వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. పంతులు గారు వద్దన్నా ఎత్తాను, పది నిమిషాలు తిట్లు తిన్నాను. ఆ అమ్మాయి మాత్రం సాయంత్రమే వెళ్ళి రాడ్డు ఎత్తి చూసుకుంది. "బరువుంది మేడం" అంది, అంతే.

వాడికిచ్చింది ఆరో తరగతి, మూడో పీరియడులో చివరి పావుగంట. పిల్లల్ని మూడు గుంపులు చేశాడు. వాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే ఒక గుంపు ప్రతి రెండో అంకెకి, ఒక గుంపు మూడో అంకెకి, ఇంకోటి నాలుగో అంకెకి చప్పట్లు కొట్టాలి. మొదట అంతా గందరగోళం, ఐదు దగ్గరే తప్పారు. రెండోసారి తొమ్మిది దాకా వెళ్ళారు. మూడోసారి పన్నెండు దగ్గర గదంతా ఒక్కసారిగా మోగింది. పక్క గదిలోంచి హిందీ సారు తొంగి చూశారు. వాడు బోర్డు మీద 12 రాసి కింద రెండు గీతలు గీశాడు, నేను గీసినట్టే. తర్వాత గంటల లెక్కలో భాగహారం ఒక మెట్టు తప్పాడు. ముందు వరస పిల్ల చెబితే దిద్దుకున్నాడు. 24 వచ్చింది.

పీరియడు అయ్యే టైముకి, అలవాటుకొద్దీ, చాక్‌పీస్ చేతిలో ఉండగానే బయటికి పరిగెత్తాడు. అక్కడ ఆ అమ్మాయి రాడ్డు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. "ఎన్ని కొట్టాలి?" అని అడిగింది.

"నాలుగు. ఒక్కోటి ఆగి కొట్టు. లేకపోతే లాంగ్ బెల్ అనుకుని అందరూ సంచులు సర్దుకుంటరు."

పాత అటెండర్:

మేడం, మరి టీ?

గణితం మేడం:

వంట అక్క పొయ్యి దగ్గరే పోసిచ్చింది. హెచ్‌ఎం గారు కూడా అక్కడికే వెళ్ళి, లైన్లో నిలబడి తాగొచ్చారు.