కేంద్ర మంత్రుల పరిమితి 15 శాతం నుంచి 10కి దించాలా?

కృష్ణాతీరం: లోక్‌సభ మొత్తం సభ్యుల్లో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదన్నది 2003 నాటి రాజ్యాంగ 91వ సవరణ. 543 లెక్కన 81 మంది దాకా పెట్టుకోవచ్చు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే 10 శాతం చాలంది, అంటే 54. 2024 జూన్‌లో ప్రమాణం చేసింది ప్రధానితో కలిపి 72 మంది. 54కి దించాల్సిందే అంటాను.

శాసనప్రియ: దించితే ఒరిగేదేమిటండీ? ఆ 72లో కేబినెట్ హోదా ఉన్నది ప్రధాని కాక 30 మందికే. స్వతంత్ర బాధ్యతతో సొంతంగా శాఖ చూసే ఐదుగురు సహాయ మంత్రులు తమ శాఖ అంశం వచ్చినప్పుడు మాత్రం కేబినెట్ సమావేశానికి వెళ్తారు. మిగిలినవారు పై మంత్రి కింద పనిచేసే 36 మంది సహాయ మంత్రులు. కోత పడేది వాళ్ల మీదే, నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర ఒక్క కుర్చీ కూడా తగ్గదు.

కృష్ణాతీరం: మరి ఆ 36 మందికి పనేదండీ? సహాయ మంత్రికి ఏ ఫైళ్లు వెళ్లాలో తేల్చేది పై మంత్రి ఇచ్చే పని పంపకం ఉత్తర్వు. అందులో ముఖ్యమైనవన్నీ పైనే అట్టిపెట్టుకుంటే కింద మిగిలేది సభలో ప్రశ్నలకు జవాబు చదవడమే.

ఫైలుగుట్ట: ఇద్దరూ తలకాయలే లెక్కపెడుతున్నారు. 2019లో జలవనరులు, తాగునీటి మంత్రిత్వ శాఖలను కలిపి జల్‌శక్తి చేశారు. మంత్రి ఒక్కరయ్యారు, కింద విభాగాలు రెండూ ఉన్నాయి, కార్యదర్శులూ ఇద్దరే. ఎక్కువగా ఆలస్యమయ్యేది ఈ కింది అంచెలోనే. కేబినెట్ నోట్, అంటే మంత్రివర్గం ఆమోదానికి పెట్టే పత్రం, దాని ముసాయిదా సంబంధమున్న ప్రతి విభాగానికీ తిరగాలి. ఖర్చుంటే ఆర్థిక శాఖ, బిల్లైతే న్యాయ శాఖ అభిప్రాయం తీసుకోవాలి. ఒకే పని నాలుగు విభాగాల మధ్య ముక్కలై ఉంటే నాలుగు అభిప్రాయాలు, వాటికి నాలుగు సమాధానాలు. దీన్ని సరిచేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 77(3) అధికరణం కింద 1961లో చేసిన, ఏ శాఖకు ఏ పనో చెప్పే పనుల కేటాయింపు నిబంధనలు మారిస్తే చాలు, పార్లమెంటులో ఓటింగు కూడా ఉండదు.

శాసనప్రియ: అదీ మాట. పైగా ఆ 72లో మిత్రపక్షాలవి 11. తెలుగుదేశానికే ఒక కేబినెట్, ఒక సహాయ పదవి. 54కి దించినా బేరం తగ్గదు, సహాయ పదవి దొరకని పార్టీ కేబినెట్ పదవే అడుగుతుంది. ఇచ్చేందుకు మళ్లీ శాఖల్ని విడగొడతారు.

కృష్ణాతీరం: విభాగాల సంగతి ఒప్పుకున్నాను, పరిమితి సంగతి ఒప్పుకోను. అసలు శాతంలో పెట్టడమే లోపం. కొత్త లోక్‌సభ హాలులో 888 సీట్లున్నాయి. నియోజకవర్గాల పునర్విభజనలో సభ అంతకు పెరిగితే ఇదే 15 శాతం 133 అవుతుంది. ఒక్క శాఖ పెరగకపోయినా మంత్రులు పెరగొచ్చు.

ఫైలుగుట్ట: ఆ లెక్కకు నా దగ్గర జవాబు లేదు. శాతం తీసేసి స్థిరమైన అంకె రాయమంటే నేనూ సరేనంటాను. 54 మాత్రం కాదు, 60 దగ్గర మాట్లాడుకుందాం.