పాపకి హై చైర్: కుషన్‌దా, ప్లాస్టిక్‌దా?

పాపకి ఆరో నెల. అన్నప్రాశన కాగానే హై చైర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తినిపించే, ముందు ట్రే ఉన్న ఎత్తు కుర్చీ) కొందామని. కుషన్ ఉన్న మడత కుర్చీ ఒకటి, ఉత్త ప్లాస్టిక్‌ది ఒకటి చూశాం. ఇల్లు ఇరుకు. ఏది నయం?

— ముందు పాప కూర్చోవడం చూడండి, నెలలు తర్వాత. మెడ నిలిచి, పెద్దగా ఆసరా లేకుండా కూర్చోగలిగితేనే కుర్చీ. నా ఓటు ప్లాస్టిక్‌కే. కుషన్ కుట్లలో ఉగ్గు, పప్పన్నం ఇరుక్కుని పులిసిన కంపు కొడుతుంది. కవర్ ఊడదీసి ఉతకలేనిదైతే అసలు వద్దు. ట్రే కడగడానికి మీ సింకులో పడుతుందో లేదో కొలుచుకోండి, ఇది ఎవరూ చూడరు!

— బెల్టు మర్చిపోకండి. ట్రే పిల్లని ఆపదండీ. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే పాప కిందికి జారి, మెడ ట్రేకి నొక్కుకుంటుంది. భుజాల మీదుగా కూడా వచ్చే ఐదు పాయింట్ల బెల్టు తీసుకోండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరితే చాలు. మడత కుర్చీ అయితే లాక్ పడిందో లేదో కూర్చోబెట్టే ముందు ప్రతిసారీ నొక్కి చూడాలి.

— ట్రే ఎంత ఎత్తులో ఉండాలి?

— మోచేతులు దాని మీద ఆనాలి, భుజాలు పైకి లేవకూడదు. పాదాలకీ ఆధారం కావాలి. కాళ్లు వేలాడుతుంటే పిల్లలు కుదురుగా తినరు. పాదాల పలకని పైకీ కిందికీ మార్చుకునే మోడల్ చూడండి. కుర్చీని గోడకి, డైనింగ్ టేబుల్‌కి దగ్గరగా వేయొద్దు. కాళ్లతో తన్ని వెనక్కి పడేస్తారు.