‘యజమాని’ అంటే సొంతదారేనా?

ప్రశ్న:
ఒక పత్రికకు బిజినెస్ వార్తలు అనువదిస్తుంటాను. ‘ప్రమోటర్’ (కంపెనీని పెట్టి, దాన్ని తన అదుపులో నడిపించే వ్యక్తి) అని వచ్చిన ప్రతిచోటా ‘యజమాని’ అని రాస్తున్నాను. నిన్న మా డెస్క్‌లో ఒకరు, షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీకి ఒక్క యజమాని ఎక్కడుంటాడు, వాటాదారులందరిదీ కదా అన్నారు. యజమాని, సొంతదారు, ఓనరు ఒకటేనా? మాస్టారు చెప్పాలి.

జవాబు:
వాడుకలో ఒకటైపోయాయమ్మా, పుట్టుకలో కాదు. ‘యజమాని’ యజ్ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చిన మాట. యజ్ఞం చేయించేవాడు యజమానుడు. ఇప్పటికీ ఇంట్లో హోమం చేయిస్తే పురోహితుడు పీటల మీద కూర్చున్నాయన్ని యజమాని అనే అంటాడు. ఆహుతి పడినప్పుడు ఆయన ‘అగ్నయ ఇదం న మమ’ అనాలి. ఇది అగ్నిది, నాది కాదు అని. నెయ్యి కొన్నది ఆయనే, సమిధలు తెప్పించిందీ ఆయనే. అయినా నిప్పులో పడ్డాక నాది కాదని నోరు తెరిచి చెప్పాలి. ‘సొంతదారు’లో ఈ అర్థం ఎంత వెతికినా దొరకదు.

నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పాను. ఏటా ఒకేచోట ఆగిపోయేవాళ్ళు. ఆస్తి అప్పుల పట్టీలో మూలధనాన్ని అప్పుల వైపు ఎందుకు వేస్తాం? ‘అది ఆయన డబ్బే కద సార్’ అనేవాళ్ళు. కొట్టు వేరు, కొట్టు పెట్టినాయన వేరు, కొట్టు ఆయనకు బాకీ ఉంది అని చెప్తే సగంమంది నమ్మేవాళ్ళు కాదు.

నాకది పాఠం కాకముందే తెలుసు. మా నాన్నగారిది చిన్న కిరాణా కొట్టు. నా నోటుపుస్తకానికి గల్లాపెట్టెలోంచి రెండు రూపాయలు తీసినా, ముందు చిట్టాలో ‘సొంత వాడకం 2-00’ అని రాసి, సిరా ఆరాకే నా చేతిలో పెట్టేవారు. ఇంటికి బెల్లం తెచ్చినా తూచి, రాసి తెచ్చేవారు. మన కొట్లో మనకి తూకమేంటని అమ్మ విసుక్కునేది. ‘కొట్టు మనదే. బెల్లం కొట్టుది’ అనేవారాయన.

అది ఆయన స్వభావం. వ్యాపారం నడిచిన తీరు కూడా అందులోంచే వచ్చింది. ఎవరికి ఎంత అరువివ్వచ్చో, పండక్కి ఎంత సరుకు దించచ్చో ఆయనకు లెక్క తెలిసే ఉండేది. టోకు వర్తకుడు అడిగితే చిట్టా తీసి ముందు పెట్టేవారు.

ఈ గీత చెరిగితే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో సొంతవాళ్ళ రియల్ ఎస్టేట్, నిర్మాణ వ్యాపారాలు కొనడమేంటని మదుపుదారులు మండిపడితే గంటల్లోనే విరమించుకుంది. అప్పటికి సత్యంలో ప్రమోటర్ల వాటా 10 శాతం కూడా లేదు. కానీ ఊరంతా ఆయన్నే యజమాని అంది. బోర్డూ అలాగే అనుకుందేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. మేటాస్ కొనుగోలు, ఆ లేని ఆస్తుల చోట నిజంగా ఉన్న ఆస్తులు పెట్టే ఆఖరి ప్రయత్నమని అందులో ఆయన మాటే.

తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో 166వ సెక్షన్, డైరెక్టర్ ఎవరి మేలు చూడాలో చెప్తుంది. కంపెనీ, వాటాదారులు, ఉద్యోగులు, సమాజం, పర్యావరణం అన్నీ ఉన్నాయి. ప్రమోటర్ పేరు విడిగా ఎక్కడా లేదు. అందుకే ప్రమోటర్‌ని ప్రమోటర్ అనే రాయమ్మా.

ఒక సభ్యుడి అభ్యంతరం:
మాస్టారూ, ‘యజతే’ ఆత్మనేపది కదా, అంటే పని ఫలం చేసేవాడికే చెందుతుందని చెప్పే క్రియారూపం. ఋత్విక్కులు, అంటే యజ్ఞం జరిపించే పురోహితులు, చేసేది పరుల కోసం, యజమానుడు చేసేది తన ఫలం కోసం. మీరు చెప్పినంత త్యాగం ఆ మాటలో ఉందంటారా?

మళ్ళీ జవాబు:
మంచి ప్రశ్న వేశారు. ఫలం ఆయనదే, నేను కాదనను. ఆహుతి మాత్రం ఆయనది కాదు. డివిడెండ్ వాటాదారుడిది, కంపెనీ ఖజానా కంపెనీది అన్నట్టే. మా నాన్నగారూ ఏడాది చివర లాభం తీసుకునేవారు, దానికి మొహమాటపడింది లేదు. ఫలం కూడా వద్దనుకునే వాళ్ళకు మనకు వేరే మాట ఉంది, ధర్మకర్త. సంపద ఉన్నవాళ్ళు దాన్ని సమాజం తరఫున చూసుకోవాలన్న గాంధీ గారి ట్రస్టీషిప్‌ని తెలుగులో ధర్మకర్తృత్వం అన్నారు. టాటా కంపెనీల మాతృసంస్థ టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా ట్రస్టుల చేతుల్లో ఉందంటే, అది పంచే లాభంలో పెద్ద భాగం చదువులకూ ఆస్పత్రులకూ పోయే ఏర్పాటు దాన్ని కట్టినవాళ్ళు తమ తర్వాత కూడా ఉండేలా చేసిపోయారన్నమాట.

సిరిసిల్ల నుంచి ఇంకో సభ్యురాలు:
మాస్టారూ, మా దగ్గర ఈ తేడా ఇంకా బతికే ఉంది. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. సాంచెలున్నాయన ఆసామి. నూలు ఇచ్చి బట్ట నేయించుకునే ఆయన యజమాని. సాంచె తనది కాకపోయినా ఆయన్ని యజమాని అనే పిలుస్తాం. ఓనరు అని మాత్రం ఎవరూ అనరు.