ఇంటి చుట్టుపక్కల గిరాకీ పెరగడానికి మీరేం చేశారు?

సూదీదారం:
ఇంటి ముందు గదిలో బట్టల ఆల్టరేషన్ పని పెట్టి ఎనిమిది నెలలైంది. వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారు గానీ కొత్త మొహాలే లేవు. మొన్న నాలుగు వీధుల అవతలి ఆవిడ వచ్చి "మీరిక్కడున్నారని తెలీక ఇన్నాళ్లూ బస్సెక్కి పోయాను కదమ్మా" అంది. ఆ మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. కరపత్రాలు పంచితే ఒక్క ఫోనూ రాలేదు. ఖర్చు తక్కువలో ఏమైనా ఉంటే చెప్పండి.

రెంచీబాబు:
ముందు గూగుల్ మ్యాప్‌లో మీ పిన్ను, అంటే షాపు ఉన్న చోటు చూపించే గుర్తు, ఎక్కడుందో చూడండి మేడమ్. నేను ఫ్యాన్లు, మోటార్లు రిపేర్ చేస్తాను. ఒకరోజు ఒకాయన ఫోన్ చేసి "మీ షాపు ముందే నిలబడ్డాను, ఇక్కడ గోడ తప్ప ఏం లేదే" అన్నాడు, చూస్తే నేను వివరాలు పెట్టినప్పుడే పిన్ను వెనక వీధిలో పడేశాను, అలా గోడ చూసి ఎంతమంది తిరిగిపోయారో లెక్కే లేదు. దాన్ని జరిపి గేటు మీద పెట్టా. కేటగిరీ, టైమింగ్స్ కూడా సరిచేశా. వెతికినదానికి మనం సరిపోతామా, ఎంత దూరం, ఎంత పేరుంది, ఈ మూడూ చూస్తామని గూగులే చెప్తుంది. దూరం మన చేతిలో లేదు, మిగతా రెంటి సంగతి చూసుకోవాలి.

పాతలెడ్జర్:
పైది నిజం. కాకపోతే గూగుల్‌లో షాపు పేరు పక్కన "బెస్ట్, చీప్, నియర్ మీ" లాంటివి తగిలించకండి, బోర్డు మీద ఏ పేరుంటే అదే ఉండాలని రూల్. ఎవరో చెప్పారని నేను తగిలించి ప్రొఫైల్ పోగొట్టుకున్నా, మళ్లీ తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాననడం కూడా కుదరదు. ఊరికే అడగండి చాలు, అదీ డబ్బులు తీసుకునేటప్పుడు కాదు, వేసుకుని అద్దంలో చూసుకుని నవ్వుతారు చూడండి, అప్పుడు.

గల్లాపెట్టె:
వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ గురించి, అదే ఒకే మెసేజ్‌ని చాలామందికి ఒకేసారి విడివిడిగా పంపడం గురించి, ఎవరూ అనలేదే. లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. నాకిది తెలీక ఆర్నెల్లు గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఇప్పుడు బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి" అంటున్నా. నెలకి ఒకటీ రెండూ చాలు, రోజూ గుడ్ మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు.

మూడోకత్తెర:
కరపత్రాలు దండగ అంటే ఒప్పుకోను. ఇంటింటికీ వేస్తే దండగే. నాదీ కుట్టుపనే. బట్ట చిరిగిందనీ, గుండీ ఊడిందనీ, జిప్పు పాడైందనీ మొదట చూసేది ఇస్త్రీ చేసేవాళ్లు. మా దగ్గర ఇస్త్రీ చేసే ఆయనతో మాట్లాడి పది కార్డులిచ్చా, చిరుగు కనిపిస్తే ఆయన కార్డుని ఆ బట్ట మడతలోనే పెట్టేసేవాడు. వెయ్యి కాగితాలు చేయని పని ఆ పదీ చేశాయి. నా దగ్గర కుట్టు అయినవి నేనూ ఆయనకే పంపిస్తా, లేకపోతే ఆయనకేం పని? ఇంకోటి, కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ "మీకెలా తెలిసింది?" అని అడిగి నోట్‌బుక్‌లో గీత పెట్టుకోండి, నెల తిరిగేసరికి ఏది పనిచేస్తోందో మీకే కనిపిస్తుంది.

సూదీదారం:
అందరికీ థాంక్స్ అండీ. పిన్ను సరిగ్గానే ఉంది గానీ టైమింగ్స్ దగ్గర ఆదివారం సెలవని ఉంది, నేనేమో ఆదివారాలే ఎక్కువ పని చేస్తా! మార్చేశా. ఇంకో సంగతి, రోడ్డుకి రెండు వైపుల నుంచీ నడిచి చూశాను, ఒక వైపు నుంచి వస్తే నా బోర్డుని కరెంటు స్తంభం పూర్తిగా కప్పేస్తోంది, ఎనిమిది నెలల్లో నేను ఆ వైపు నుంచి ఎప్పుడూ రాలేదు. రేపు బోర్డు మార్పించి, సాయంత్రం ఇస్త్రీ ఆవిడని కలుస్తా.

రెంచీబాబు:
నెల తర్వాత ఆ నోట్‌బుక్‌లో గీతలెన్నో ఇక్కడ రాయండి మేడమ్.